ముల్లు చూపిన ఇల్లు

సన్నగా వాన పడుతున్న సాయంత్రం, రామక్క ఇంటి వెనక గోడ పక్కన, చేతిలో రేడియోతో వీరేందర్ పట్టుబడ్డాడు. ఎదురుగా రామక్క, ఆమె చేతిలో చీపురు. ఆమె వెనక గొడుగు పట్టుకుని ఎవరో కొత్త అమ్మాయి.

చీపురు సంగతి ఎలాగో ఓర్చుకోవచ్చు. ఆ అమ్మాయి చూపే ఓర్చుకునేలా లేదు. సంతలో తూకం తక్కువ వేసినవాణ్ని చూసినట్టు చూస్తోంది.

"మూడు రోజులసంది చూస్తున్న. గల్లీ ఆ మూల నుంచి ఈ మూలకు ఒకటే తిరుగుడు. చేతిల ఆ డబ్బా ఏంది సారూ? ఏ ఇంట్ల ఆడపిల్ల ఉందో చెప్తదా?" అని అడిగింది రామక్క.

వీరేందర్ భోపాల్‌పట్నం స్కూల్లో ఫిజిక్స్ చెప్పే గెస్టు టీచరు. అయస్కాంతాల గురించి గంటసేపు తడుముకోకుండా మాట్లాడగలడు. ఆ క్షణంలో మాత్రం అతని నోటికి ఒక్క ముక్కే వచ్చింది.

"ముల్లు మీ ఇల్లే చూపిస్తోంది."

అన్న తర్వాత తెలిసింది, అనకుండా ఉంటే బాగుండేదని.

నిజానికి అతను చెప్పింది అక్షరాలా నిజం. వీరేందర్‌కు షార్ట్‌వేవ్ రేడియో పిచ్చి. జగ్దల్‌పూర్‌లో కొన్న చిన్న రేడియో పట్టుకుని సాయంత్రమైతే డాబా ఎక్కేవాడు. ఎక్కడెక్కడి దేశాల మాటలో వినేవాడు. ఏ స్టేషను ఎలా వినిపించిందో రాసి పంపితే వాళ్లు రంగుల కార్డు ఒకటి పంపుతారు. సిగ్నల్ బలం ఐదుకు ఎంత అని అడుగుతారు. కొలిచే సాధనం లేక అతను అందరికీ మూడే వేసేవాడు. పిల్లల పేపర్లకూ అతనిది అదే పద్ధతి.

చివరికి తనకే సిగ్గేసింది. పాడైపోయిన టేప్‌రికార్డర్‌లోంచి ముల్లు ఉన్న చిన్న మీటరొకటి పీకి, రేడియో మూత విప్పి, రెండు తీగలు అతికించాడు. స్టేషను గట్టిగా వస్తే ముల్లు లేవాలి. ఇతను అతికించిన తీరుకి స్టేషను గట్టిగా వస్తే ముల్లు పడిపోయేది, ఏమీ రాకపోతే ఠీవిగా లేచి నిలబడేది. మళ్లీ విప్పడానికి బద్ధకమేసి, మీటరునే తలకిందులుగా తిప్పి బిగించాడు. ముల్లు దారికొచ్చింది. అంకెలు మాత్రం శీర్షాసనం వేశాయి.

అంతా కుదిరింది అనుకునేసరికి గుర్రుమని ఒక మోత మొదలైంది. ఏ స్టేషను పెట్టినా అదే గుర్రు. ఏ స్టేషనూ లేనిచోట కూడా ముల్లు ఆ చివరికి పోయి కూర్చునేది. ముందు తన పనితనాన్నే అనుమానించాడు, అందుకు కారణాలూ చాలానే ఉన్నాయి. కానీ రేడియో పట్టుకుని గల్లీలో నడిస్తే ఒక వైపు మోత తగ్గింది, ఇంకో వైపు పెరిగింది. పెరిగిన వైపే నడిచాడు. అలా నడిచి నడిచి ఈ గోడ దగ్గర తేలాడు.

ఇదంతా అతను వానలో నిలబడి చెప్పుకొచ్చాడు. ఆ అమ్మాయి, పేరు బిందు, అందులో ఒక్క ముక్క కూడా నమ్మలేదు. కానీ అబద్ధమాడేవాడు ఇంతకంటే మంచి అబద్ధమే ఆడతాడని తోచింది కాబోలు, లోపలికి వచ్చి చూపించమంది.

వెనక గదిలో ఒక థర్మాకోల్ పెట్టె ఉంది. రేడియో దాని పక్కకు చేరగానే గుర్రు గర్జన అయింది, ముల్లు మీటరు అటు అంచుకు కొట్టుకుంది. ఇదే అన్నాడు వీరేందర్, దొంగను పట్టుకున్న జవానులాగా.

పెట్టెలో, బల్బుల వెలుగులో, వరసగా కడక్‌నాథ్ అనే నల్లకోడి గుడ్లు. చర్ల నుంచి పెద్దమ్మ రామక్క దగ్గరికి వచ్చిన బిందు ఫోన్‌లో వీడియోలు చూసి సొంతంగా చేసుకున్న పొదిగే పెట్టె అది. వేడి పెరిగితే బల్బులను తగ్గించి, తగ్గితే పెంచే చవకరకం రెగ్యులేటరు ఒకటి దానికి తగిలించి ఉంది. మోతంతా దానిదే. కోడిపిల్లలను కొనడానికి మహిళా సంఘం వాళ్లు సిద్ధంగా ఉన్నారు. మొదటి విడత గుడ్లు మురిగిపోయాయి. ఇది రెండో విడత. ఇదీ పోతే చర్ల నుంచి అన్న వచ్చి, చేసింది చాల్లెమ్మని తీసుకుపోతాడని రామక్క చెప్పింది.

వీరేందర్ అంతా విని, చాలా మర్యాదగా, సాయంత్రం ఒక్క గంట పెట్టె ఆపితే బాగుంటుందని అడిగాడు.

"మీ స్టేషను రేపు కూడా మాట్లాడతది సారూ. గుడ్డుల పిల్ల ఒక్కసారి చల్లబడ్డదంటే దానికి రేపు లేదు," అంది బిందు.

బిందు రేడియో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, అంకెలు తలకిందులుగా ఎందుకున్నాయని అడిగింది. వీరేందర్ వోల్టేజి అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"తప్పు కలిపాను. విప్పడానికి బద్ధకమేసింది."

బిందు నవ్వింది. ఆ నవ్వు వినగానే వీరేందర్‌కు చిన్నప్పటి నుంచి తాను చేసిన తప్పులన్నీ వరసపెట్టి చెప్పేయాలనిపించింది.

ఆ మర్నాటి నుంచి అతను మోత తగ్గించే మార్గం వెతకడానికి రోజూ రామక్క ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాడు. మోత తగ్గలేదు, వెళ్లడమూ తగ్గలేదు. గల్లీలో పాన్‌ఠేలా కొట్టు నడిపే సోమారు అతన్ని చూసినప్పుడల్లా ముల్లు ఎంతదాకా వచ్చిందని కుశలం అడిగేవాడు. అది వట్టి ఎలక్ట్రికల్ గొడవని వీరేందర్ గల్లీలో అందరికీ ఓపిగ్గా వివరించాడు. వివరించినకొద్దీ జనానికి అనుమానం పోయి నమ్మకం కుదిరింది.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వీరేందర్ చిన్న కెపాసిటర్ ఒకటి జేబులో వేసుకుని వచ్చాడు. రెగ్యులేటరుకు దీన్ని తగిలిస్తే మోత చచ్చిపోతుందని, పది నిమిషాల పని అని చెప్పాడు.

"మీకు తెలిసే చేస్తున్నరా?"

"ఎం.ఎస్సీ. ఫిజిక్స్," అన్నాడు వీరేందర్. పని వచ్చినవాడు డిగ్రీ పేరు చెప్పడని బిందుకు అప్పటికింకా తెలియదు.

స్విచ్ వేయగానే ఫట్‌మంది. కాలిన వాసన వచ్చింది. పెట్టెలో చీకటి.

బిందు తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త ఊరటగా ఉండేది. ఆమె తీగలు విప్పి చూసింది. బల్బులు బాగానే ఉన్నాయి, రెగ్యులేటరు మాత్రం మాడిపోయింది. బల్బులను నేరుగా స్విచ్‌కు కలిపి, థర్మామీటరు అతని ముందు పెట్టింది.

"ముప్ఫై ఎనిమిది దాటితే బంద్ చెయ్యాలె. దిగితే వెయ్యాలె. బీజాపూర్ పోతే గానీ కొత్తది దొరకదు, బస్సు రేపు పొద్దుటికి గానీ లేదు. కూసోండి."

అలా ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చదివిన వీరేందర్ ఒక స్విచ్‌కు కాపలా కూర్చున్నాడు. వేస్తూ, ఆపుతూ, మళ్లీ వేస్తూ. గడప దగ్గర రామక్క చింతపండులో గింజలు తీస్తూ, ఒక్కో గింజతో పాటు అతని మీద ఒక్కో మాట విసురుతూ ఉంది. బయట వాన పెద్దదైంది.

పొద్దు వాలుతుండగా బిందు అతని సంచీలోంచి రేడియో తీసి ముందు పెట్టింది. ఇంత గొడవా దేని కోసమో తననూ విననిమ్మంది. రెగ్యులేటరు చచ్చింది కాబట్టి మోత లేదు. ముల్లు నెమ్మదిగా లేచింది. ఎక్కడి నుంచో ఒక ఆడగొంతు, వాన చప్పుడు మధ్య, పక్క గదిలో కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా వినిపించింది. భోపాల్‌పట్నంలో అతను ఇంత మంచి సిగ్నల్ ఎప్పుడూ వినలేదు. ఆ మంచి సిగ్నల్‌కు ఖరీదు పక్కనే గుడ్ల రూపంలో ఉంది. అతనికి తలెత్తి చూడ్డానికి మొహం చెల్లలేదు.

"ఏం చెప్తాంది ఆమె?" అని అడిగింది బిందు.

"తెలియదు."

"తెల్వకుండానే రోజూ వింటరా?"

"అంత దూరం నుంచి వచ్చింది కదా. వినకపోతే ఏం బాగుంటుంది?"

బిందు అతని వైపు చూసింది. ఈసారి తూకం తక్కువైనవాణ్ని చూసినట్టు లేదు. వీరేందర్ కూడా చూశాడు. రేడియోలో ఆడగొంతు పోయి ఏదో వాద్యం మొదలైంది. ఎంతసేపు అలా ఉన్నారో ఇద్దరికీ తెలియలేదు. రామక్కకు మాత్రం తెలిసింది.

"ఆ గుడ్లను ఉడకబెడతరా ఏంది మీ ఇద్దరు కలిసి?"

థర్మామీటరు నలభై దాటింది. వీరేందర్ స్విచ్ మీద పడ్డాడు, బిందు మూత తీసి విసనకర్ర అందుకుంది. వేడి దిగింది. కానీ లోపల ఏమైందో గుడ్డు చెప్పదు. బిందు ముఖంలో నవ్వు పూర్తిగా పోయింది. ఆ రాత్రి కాపలాకు తామిద్దరూ చాలునని రామక్క అతన్ని ఇంటికి పంపేసింది.

మర్నాడు వీరేందర్ స్కూలుకు సెలవు చీటీ పంపి తొలి బస్సుకే బీజాపూర్ వెళ్లాడు. మాడిన రెగ్యులేటరును రుమాలులో చుట్టి పట్టుకుపోయాడు, పేరు చెప్పి కొనగలనన్న నమ్మకం అతనికి పోయింది. బురద రోడ్డులో ఊగుతూ మధ్యాహ్నానికి తిరిగి వచ్చి కొత్తది బిందు చేతిలో పెట్టాడు. తాను ముట్టుకోలేదు. ముట్టుకోమని ఆమె అడగనూ లేదు. బిగించి, స్విచ్ వేసి, ఇంక మీరు రానవసరం లేదు సారూ అని మెల్లగా అంది. కోపంగా అనలేదు, అలసిపోయి అంది. అందుకే అతనికి మరీ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం డాబా మీద రేడియో పెట్టాడు. గుర్రు. ముల్లు ఆ చివర. ఇన్నాళ్లూ ఏ మోతను తిట్టుకున్నాడో, ఆ మోత వినగానే ఇప్పుడు ప్రాణం కుదుటపడింది. గుర్రుమంటోందంటే పెట్టె నడుస్తోంది. పెట్టె నడుస్తోందంటే గుడ్లు వెచ్చగా ఉన్నాయి. అప్పటి నుంచి అతను స్టేషన్లు వెతకడం మానేశాడు. రోజూ డాబా ఎక్కి, గుర్రును కాసేపు విని, తృప్తిగా దిగి వచ్చేవాడు. కొడుక్కి ఏదో అయిందని తండ్రి వెంకటనారాయణకు దిగులు పట్టుకుంది.

తర్వాత ఒకరోజు, అప్పుడప్పుడే చీకటి పడుతుండగా, గుర్రు ఆగిపోయింది. ముల్లు ఆ చివర నుంచి దిగింది. ఏదో దేశపు పాట శుభ్రంగా వినిపించింది.

వీరేందర్ గల్లీ వైపు చూశాడు. అన్ని ఇళ్లలోనూ దీపాలున్నాయి. కరెంటు పోలేదు, ఆ పెట్టె ఒక్కటే ఆగిపోయింది. రేడియోను పాడుతున్నదాన్ని పాడుతున్నట్టే వదిలేసి, చెప్పులైనా లేకుండా వానలో పరుగెత్తాడు. సోమారు ఏదో అడిగాడు గానీ ఆగలేదు.

రామక్క ఇంట్లోకి దూసుకుపోయి, రొప్పుతూ, పెట్టె ఆగిపోయిందన్నాడు.

బిందు నేల మీద కూర్చుని ఉంది. ఆమె ముందు గంపలో, పైన వేలాడే బల్బు కింద, నల్లటి కోడిపిల్లలు కిచకిచమంటున్నాయి. కొన్ని గుడ్లు పోయాయి. సగానికి పైగా పిల్లలయ్యాయి.

"గుడ్లు అయిపోయినయ్ కదా, నేనే ఆపిన. ఇప్పుడే. మీకెట్ల తెలిసింది?" అని అడిగింది.

వీరేందర్ నీళ్లు కారుతూ నిలబడ్డాడు. చెప్పక తప్పలేదు. రోజూ రేడియోలో వింటున్నది ఈ పెట్టెనే అన్నాడు. స్టేషన్లు మానేసి చాలా రోజులైందన్నాడు. మోత ఉంటే నిద్రపడుతోందన్నాడు.

బిందు ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని వేలితో దాని వీపు నిమిరింది.

"మళ్లీ గుడ్లు పెడదామనుకుంటున్న. ఇంకో మూడు వారాలు మీ రేడియో గుర్రుమంటనే ఉంటది. పెట్టమంటరా?"

ఇలాంటి అవకాశం కోసం వీరేందర్ కొన్ని మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాడు. వాటిలో ఇంద్రావతి నది ఉంది, వాన ఉంది, ఒకటి రెండు హిందీ ముక్కలు కూడా ఉన్నాయి. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"పెట్టు," అన్నాడు.

బిందు తలెత్తింది. "పెట్టండి కాదా?"

అతని చెవులు వేడెక్కాయి. పొరపాటైందని దిద్దుకోవచ్చు. దిద్దుకోవడం అతనికి బాగా అలవాటైన పనే.

"కాదు. పెట్టు," అన్నాడు.

బిందు చేతిలోని పిల్లను గంపలో దించింది, తొందరపడకుండా. "సరే, పెడత. గుడ్లు తెచ్చేందుకు రేపు పోవాలె. నువ్వు కూడ రా."

వంటింట్లోంచి రామక్క గొంతు వినిపించింది. "గుడ్లకు తర్వాత పోవచ్చు. పొద్దుగాల మీ నాయనను తీసుకొని రా ముందు."

"వస్తా," అన్నాడు వీరేందర్, ఇద్దరికీ కలిపి.