ఒక్క దెబ్బ, మూడు చోట్ల

ఉయ్యాల ఖాళీగా ఉంది. పాలసీసా ఉంది. బొంత ఉంది. పిల్లాడు లేడు.

ఉదయం ఏడూ పది. చైనాలోని లిన్‌హై పట్నం, పాత కోటగోడ పక్క సందులో లౌ వాళ్ళ ఇల్లు. మేడ మీద గదిలో బాలింత రూయి గుండెలు బాదుకుంటోంది. కాన్పయ్యాక నెల రోజులు గది దాటకుండా కూర్చునే మనిషి ఏడిస్తే కళ్ళు పోతాయంటారు. అందుకని ఆమె తల్లి పావ్‌చిన్ కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పెద్దవాళ్ళ చాదస్తానికి వేళాపాళా ఉండదు.

ఇన్‌స్పెక్టర్ యింగ్ గదంతా చూసింది. గాలి తగలకుండా కిటికీలకి టేపు వేశారు. టేపు చెక్కుచెదరలేదు. తలుపు తాళం బాగానే ఉంది. మే నెల ఉక్కలో అల్లం కషాయం వాసన.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. యింగ్‌కి ఈశ్వరుడి మీద ఆధారపడే అలవాటు లేదు.

"సందు చివర కెమెరా చూశావా షీ?"

కానిస్టేబుల్ షీ తలూపాడు. "చూశాను మేడమ్. బిడ్డనెత్తుకుని ఎవరూ బయటికి పోలేదు. ఆరింటికి వీళ్ళ పెద్దావిడ, అదే బాలింత అత్తగారు, వెళ్ళింది, మూత బుట్టలో ఎర్రగుడ్లు పెట్టుకుని. మనవడు పుట్టాడుగా, చుట్టాలకి పంచి వచ్చేసింది."

యింగ్ వంటింట్లోకి తొంగిచూసింది. కాసేపు అక్కడే నిలబడింది. అక్కడున్న గంగాళం మూత తీసి చూసి బయటికొచ్చింది.

ముందు ఆయాని పిలిచింది. బాలింతకీ బిడ్డకీ చాకిరీ చేసే మనిషి, పేరు యెన్.

"బిడ్డ ఒంటిమీద గుర్తులేమైనా ఉన్నాయా?"

"ఎందుకు లేవు మేడమ్! మడమ మీద నీలం మచ్చ. పిల్లల్నిచ్చే అమ్మవారు 'పోరా కిందికి' అని ఒక్కటి చరిచి పంపుతుందిగా, అదే. వీడు మొండిఘటం. గట్టిగానే తగిలించింది."

"స్నానం నువ్వే పోస్తావా?"

యెన్ మూతి ముడిచింది. "మొదట్లో నేనే. ఆ తర్వాత పెద్దావిడ నీళ్ళగది గడప కూడా తొక్కనివ్వలేదు. నా చేతికేం కుష్టు పట్టిందా?"

తర్వాత తండ్రి కైమింగ్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మచ్చా? ఉంది మేడమ్. పొట్ట మీద. రాత్రి డైపర్ మారుస్తుంటే చూశాను. అమ్మవారి చెయ్యి కదా అని నవ్వుకున్నాను."

పావ్‌చిన్ వంతు వచ్చింది.

"చెవి వెనక. నిన్న ముద్దు పెట్టుకుంటుంటే కనబడింది. మా పిల్లకీ చిన్నప్పుడు మచ్చ ఉండేదిలెండి, నడుము కింద."

ఆఖరున కైమింగ్ తల్లి సూజెన్. చేతులు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చుంది.

"మీ మనవడికి మచ్చ ఎక్కడుందమ్మా?"

"నాకే మచ్చా కనబడలేదు."

యింగ్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకే చూసింది. తర్వాత రూయి ఫోన్ తీసుకుంది. నిన్నటి ఫొటోలో మేజోడు జారి మడమ కనిపిస్తోంది. మచ్చ నీలం కాదు. నలుపు. దాని చుట్టూ ఎర్రటి అంచు.

ఆ ఫొటోని పిల్లల డాక్టర్ లూకి పంపింది. వెంటనే ఫోన్ మోగింది.

"ఈ బిడ్డ ఎక్కడ?" డాక్టర్ కేకేశాడు.

"కనబడట్లేదు. ఏంటిది?"

"రక్తం అతిగా గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్ ఒకటుంటుంది, ప్రోటీన్ సి అని. వీడికది దాదాపు లేనట్టుంది. సన్న నాళాలు మూసుకుపోయి చర్మం చచ్చిపోతోంది. తర్వాత కళ్ళు, మెదడు. ప్లాస్మా ఎక్కించాలి. సాయంత్రం దాకా ఆగుతాడని నేను హామీ ఇవ్వలేను."

యింగ్‌కి భయం వేసింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో దొంగల్ని చూసి ఎప్పుడూ అంత భయపడలేదు.

అందర్నీ బాలింత గదిలోకే పిలిచింది.

"అమ్మవారి చేతి మచ్చ పుట్టుకతోనే ఉంటుంది. మామూలుగా పిర్రల మీదే, నడుము కిందే. ఒక్క దెబ్బే కదా వేసేది? మీలో ఒకరు మడమ మీద చూశారు. ఒకరు పొట్ట మీద. ఒకరు చెవి వెనక. ముగ్గురూ ఒకే మచ్చ అనుకుని మురిసిపోయారు. ఒకరితో ఒకరు చెప్పుకోలేదు."

యింగ్ ఫొటో ఉన్న ఫోన్ అందరి ముందు పెట్టింది.

"అవి మూడు మచ్చలు. రోజురోజుకీ పెరుగుతున్నాయి. రోజూ బట్టలు విప్పి నీళ్ళు పోసే మనిషికి అవన్నీ కనబడి తీరాలి. ఆ మనిషేమో మచ్చే లేదంటోంది." ఆమె సూజెన్ వైపు తిరిగింది. "వంటింట్లో ఎర్రగుడ్ల గంగాళం నిండుగా ఉందమ్మా. ఒక్క గుడ్డు తగ్గలేదు. పొద్దున ఆ బుట్టలో ఏం తీసుకెళ్ళారు?"

"అమ్మా!" కైమింగ్ ఆమె ముందుకి వచ్చాడు. "నా కొడుకేడే?"

సూజెన్ తల దించుకుంది. "నన్నడక్కురా. పొద్దుగూకాక చెబుతా."

"పొద్దుగూకాక చెప్పడానికి వాడుండడు," అంది యింగ్.

"నాకు తెలుసు!" ముసలామె ఒక్కసారిగా అరిచింది. "మీకందరికంటే ముందు తెలుసు! ఈ కైమింగ్ కంటే ముందు నాకొకడు పుట్టాడు. ఇలాగే నల్లబడ్డాడు. ముందు మడమ. తర్వాత పొట్ట. నా ఒళ్ళోనే చూస్తూ చూస్తూ తొమ్మిదో రోజున పోయాడు. నన్ను శనిగ్రహం అన్నారు. ఆ చూపు నా కోడలికొద్దు. పోయాడని ఒక్క మాట వింటే చాలు. పోతుంటే చూడకూడదు."

రూయి మంచం దిగింది. "ఎవరికిచ్చావ్ నా బిడ్డని?"

"మా చెల్లెలికి. మా ఊరి బస్సులో. చంపమన్లేదే తల్లీ! వెచ్చగా ఒళ్ళో పెట్టుకోమన్నా. అయిపోయాక కబురు పెట్టమన్నా."

"వాడికి మందుంది!" యింగ్ అరిచింది. "బస్సు ఏ దారిలో?"

మందుందన్న మాట సూజెన్ చెవిన పడింది గానీ మనసుకి అందలేదు. కైమింగ్ భుజం పట్టి కుదిపాడు.

"కొండ దారి," అంది చివరికి. "టీ తోటల మీదుగా."

షీ అప్పటికే మెట్లు దిగుతూ ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

బస్సుని మలుపులో ఆపారు. వెనక సీట్లో ఒక ముసలామె బుట్టని గుండెకి హత్తుకుని కూర్చుంది. మూత తీశారు. బిడ్డ కదల్లేదు. కానిస్టేబుల్ ఒకడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, బుట్టతో సహా జీపు వైపు పరుగెత్తాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి వరండా. గాజు తలుపు వెనక లేత పసుపు ద్రవం చుక్క చుక్కగా బిడ్డలోకి దిగుతోంది.

డాక్టర్ లూ బయటికొచ్చాడు. "ప్రాణం నిలిచింది. మడమ దగ్గర కొంత పోతుంది. ఒక కంటి సంగతి ఇప్పుడే చెప్పలేను. తల్లికి సగం లోపం, తండ్రికి సగం లోపం. ఇద్దరికీ బయటికి తెలియదు. రెండు సగాలూ వీడిలో కలిశాయి. మీ వాళ్ళలో దగ్గర సంబంధాలున్నాయా?"

"మా లోయలో అన్నీ మేనరికాలే," అంది సూజెన్. "నాది మేనమామ కొడుకుతో. కోడలి అమ్మమ్మదీ మా లోయే. తెలిసిన రక్తం కదా అని చేసుకున్నాం."

ఇద్దరు పోలీసుల మధ్య కూర్చుని ఉంది ఆమె. కళ్ళు మాత్రం ఆ పసుపు సంచీ మీదే.

"డాక్టరు గారూ. ఇది ముప్ఫై నాలుగేళ్ళ కిందట కూడా ఉందా?"

యింగ్ చెప్పొద్దన్నట్టు గబుక్కున చెయ్యెత్తింది. డాక్టర్ చేతిలో కాగితాలు చూసుకుంటున్నాడు.

"ప్లాస్మానా? ఎప్పట్నించో ఉందమ్మా. టౌను ఆసుపత్రికి తెచ్చుంటే దొరికేది."

సూజెన్ ఏడవలేదు. బెంచీ మీంచి మెల్లగా నేల మీదికి జారింది. పోలీసులు లేపబోతే యింగ్ వద్దని సైగ చేసింది.

రూయి తలకి గుడ్డ చుట్టుకుని, చెప్పుల్లేకుండా చల్లని గచ్చు మీద నడిచి వచ్చింది. బాలింతవని వెనక్కి లాగబోయిన తల్లి చెయ్యి విదిలించుకుంది. పొద్దుటి నుంచీ ఈ అత్త ముఖం జన్మలో చూడనని తిట్టిపోస్తూనే ఉంది. ఇప్పుడు వచ్చి ఆమె పక్కనే నేల మీద కూలబడింది.

"అత్తయ్యా," అంది రూయి. "మీ పెద్దాడి పేరేంటి?"

సూజెన్ తల తిప్పింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ మాట అడిగిన మనిషి లేదు.

"నెల నిండాక పెడదామనుకున్నామే తల్లీ."