నాదస్వరం సత్తార్ గారి తోడా

“నేను దొంగను కాదు మేడమ్. ఆ మాట మీరు రుజువు చేస్తే చాలు. తోడా దొరక్కపోయినా సరే.”

తిరుపతి కొర్లగుంటలో, టైలరు కొట్టు పైన ఉన్న చంద్రకాంతమ్మ గారి డిటెక్టివ్ ఆఫీసుకు ఎక్కువగా వచ్చేది పెళ్లికొడుకుల గుట్టు కనుక్కోమనే తల్లిదండ్రులే. పదహారేళ్ల పిల్ల ఒంటరిగా మెట్లెక్కి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని ఈ మాట అనేసరికి అసిస్టెంటు కిరణ్ నోరు తెరిచాడు. చంద్రకాంతమ్మ మాత్రం మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, ఆ తర్వాతే పేరడిగారు. ఏడుపు దిగమింగుకుంటున్న మనిషిని ప్రశ్నలతో పొడవకూడదని ఆవిడ సిద్ధాంతం.

పిల్ల పేరు అఖ్సా. పుట్టి పెరిగింది మస్కట్‌లో. తండ్రి ముబారక్ సొంత ఊరు కార్వేటినగరం. తాత అబ్దుల్ సత్తార్ నాదస్వర విద్వాంసుడు. ఆయన ఊదందే దేవుడు పల్లకీ ఎక్కడని ఆ చుట్టుపక్కల సామెతలా చెప్పుకునేవాళ్లు. ఆయన పోయి ఏడాదైంది. మనవరాలు ఆయన్ను ఒక్కసారీ కళ్లతో చూడలేదు. ఏడాది నిండిన నాడు పోయినవాళ్ల కోసం చేసే ఫాతిహా ప్రార్థనకు తండ్రికి సెలవు దొరక్క, తెలిసినవాళ్ల వెంట పిల్లను పంపాడు.

“దాదా వాయించినందుకు ఊరోళ్లు చేతికి తొడిగిన బంగారు తోడా అది మేడమ్. లావుపాటి కడియం. ‘నువ్వు మస్కట్‌కు పోయేలోగా నీ చేతికి ఏస్తానే’ అని దాదీ అనింది. మొన్న ఫాతిహా భోజనాలైనాక ట్రంకుపెట్టె తీస్తే లేదు. ఆ పెట్టె నేను పండుకునే గదిలోనే ఉండాది. ‘ఇన్నేండ్లు పోనిది, నువ్వొచ్చినాకనే పోయిందే’ అని బడే అబ్బా అందరి ముందరా అన్నాడు. అంటే మా అబ్బాకు అన్న.” అఖ్సా కళ్లు తుడుచుకుంది. “ఎల్లుండి నాకు విమానం. దొంగ అనిపించుకుని పోతే, మళ్లా ఈ ఊరికి యా మొహం పెట్టుకుని వచ్చేది?”

“పద, పోదాం,” అన్నారు చంద్రకాంతమ్మ.

కార్వేటినగరంలో ఆ ఇల్లు చిన్నదే. సత్తార్ గారి భార్య మహబూబున్నీసా వాళ్లను గదిలోకి తీసుకెళ్లింది. ట్రంకుపెట్టె తాళంచెవి గోడకు మేకుకే వేలాడుతోంది. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. పెట్టెలో ముఖమల్ డబ్బా భద్రంగా మూసి ఉంది. డబ్బా ఖాళీ.

చంద్రకాంతమ్మ పెట్టెను వదిలేసి నేల చూశారు. పెట్టె ముందు నాపరాయి మీద నూనె మరక, గూట్లో మూత సరిగ్గా పెట్టని కొబ్బరినూనె సీసా.

“ఈడ ఎవరైనా తలంటుకున్నారా అమ్మా?”

“ఫాతిహా నాడు తలకు నూనె రాసుకునే తీరిక ఎవురికుండాది తల్లీ? వంటలకాడే సరిపాయె.”

“ఆ పూట గదిలోకి ఎవరెవరు వచ్చినారు?”

“ఎవురని చెప్పేది? నేను, మా పెద్దోడు ఖలీలు, ఈ బిడ్డ. బయటోళ్లంటే డోలు శేఖరు. వానికి ఎండ పడక ఈడ కాసేపు నడుము వాల్చినాడు. వాడు బయటోడు కాదులే. మా ఆయన పక్కన ముప్పై ఏండ్లు డోలు వాయించినోడు.”

ఖలీల్ గుమ్మంలోనే అందుకున్నాడు. “సూడండి మేడమ్, ఇంటి గుట్టు రచ్చకెక్కించొద్దు. ఆ యమ్మి సంచీ ఒకతూరి ఎతికితే తేలిపోతాది.”

“మీరు వెతికారా?”

ఖలీల్ తల దించుకున్నాడు. వెతికాడని, ఏమీ దొరకలేదని ఆ మొహమే చెప్పింది. దొంగే దొంగా దొంగా అని అరుస్తాడు కదా, పట్టేశాననుకున్నాడు కిరణ్. మేడమ్ చెవిలో అదే ఊదాడు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

కబురందుకుని డోలు మునిశేఖర్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. కుడి ముంజేతికి వెదురుబద్దలు పెట్టి, తెల్లటి గుడ్డతో మందంగా కట్టు కట్టుకుని, మెడకు తగిలించుకున్నాడు. చంద్రకాంతమ్మ ఆయన పక్కనే బెంచీ మీద కూర్చుని టీ తాగారు.

“చెయ్యి ఎప్పుడు విరిగింది పెద్దాయనా?”

“ఫాతిహా నాడే అమ్మా. ఈణ్నుంచి ఇంటికి పోతా గట్టు మీద జారినా. నిన్న పుత్తూరు పోయి కట్టు కట్టించుకున్నా.”

“పాపం. ఇక్కడేమో తోడా పోయి, నింద ఆ పిల్ల మీద పడింది.”

మునిశేఖర్ గబుక్కున ఆవిడ వైపు తిరిగాడు. “పాప మీదా? పాప మీదెందుకమ్మా? ఆ బిడ్డకేం తెలుసు?”

చంద్రకాంతమ్మ గ్లాసు కింద పెట్టి అందర్నీ అక్కడికే పిలిచారు. మహబూబున్నీసా చాప మీద కూర్చుంది. ఖలీల్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“అఖ్సా, తాతగారిని నువ్వు చూడలేదన్నావు. మరి ఆయన నీకెట్లా తెలుసు?”

“అబ్బా ఫోన్‌లో ఒక రికార్డింగు ఉండాది. పాత క్యాసెట్ నుంచి ఎక్కించినాడు. చిన్నప్పట్నుంచీ అది వింటా నిద్రపోయేదాన్ని.”

“పెట్టు.”

అఖ్సా తన ఫోన్‌లో పెట్టింది. క్యాసెట్ గరగర వెనక నుంచి నాదస్వరం లేచింది. మహబూబున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి డోలు అందుకుంది. కిరణ్ ఖలీల్ మొహం మీదే కన్నేసి ఉంచాడు. చంద్రకాంతమ్మ మోచేత్తో పొడిచి, ఇటు చూడమన్నారు.

మునిశేఖర్ కళ్లు మూసుకున్నాడు. కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లు అయిదూ ఛాతీ మీద పరుగెడుతున్నాయి. డోలు ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఎక్కడ విరుచుకుపడితే అక్కడ విరుచుకుపడుతున్నాయి. విరిగిన చెయ్యి అలా ఆడితే మనిషి ప్రాణం పోవాలి. ఆయన మొహంలో నొప్పి జాడే లేదు.

పాట ఆగింది. ఆయన కళ్లు తెరిచి, అందరూ తన చేతినే చూస్తున్నారని గమనించి, ఎడమచేత్తో ఆ వేళ్లను కప్పేసుకున్నాడు.

“తోడా ఎవరూ ఎత్తుకుపోలేదు,” అన్నారు చంద్రకాంతమ్మ నెమ్మదిగా. “పెట్టె ముందు నూనె మరక చూడగానే అనుమానం వచ్చింది. దొంగకు కావలసింది వస్తువు పట్టుకుపోవడం. నూనెతో పనిబడేది చేతికి ఇరుక్కున్నదాన్ని ఊడదీయాలనుకున్నవాడికి. ఇక కట్టు సంగతి. నిన్న పుత్తూరులో ఎముకల కట్టు కట్టించుకున్న మనిషి పక్కన కూర్చుంటే, వాళ్లు పూసే పసరూ కోడిగుడ్డూ కలిసి ముక్కు బద్దలవ్వాలి. ఈయన కట్టు మల్లెపూవులా తెల్లగా ఉంది, కొబ్బరినూనె వాసన కొడుతోంది. కట్టు విప్పుతారా పెద్దాయనా?”

మునిశేఖర్ తనే విప్పాడు. బద్దలు జారి పడ్డాయి. ముంజేతి మీద, ఉబ్బిన చర్మంలో దిగబడి, బంగారు తోడా.

“ఒక్కతూరి ఏసుకుని సూద్దామనుకున్నా వదినా,” అన్నాడు. “అన్నది సన్న చెయ్యి. నాది డోలు కొట్టి కొట్టి కణుపులు కాసిన చెయ్యి. ఎక్కడమైతే ఎక్కింది, దిగలా. నూనె పూసి లాగతా ఉంటే పెట్టె తీస్తామని మీరంతా వస్తా ఉండారు. సిగ్గేసింది. తువ్వాలు చుట్టుకుని ఎలబారినా. బంగారు పని చేసే ఆచారి దగ్గరికి పోతే కోయాల్సిందే అన్నాడు. అన్న తోడాను కోయమని ఏ నోటితో చెప్పేది? బిడ్డ మీద నింద పడిందని తెలీదు. అల్లా మీద, ఎంకన్న మీద ఒట్టు.”

ఖలీల్ ముందుకొచ్చాడు. “ఆచారిని నేను పిలుస్తా. కోస్తే ఏమైతాది, మళ్లా అతికించుకోవచ్చు.”

“ఆగు బడే అబ్బా,” అంది అఖ్సా. మునిశేఖర్ ముందు నేల మీద కూర్చుంది. “తాతా, దాదాకు ఇది తొడిగిన నాడు మీకేమిచ్చినారు?”

“నాకా? శాలువా కప్పినార్లే.”

“ఆ రికార్డింగులో డోలు మీరేనా?”

ఆయన తలూపాడు.

“నాకు ఎవురూ చెప్పలా. దాదా కోసం వచ్చినా, దాదా లేడు. ఆయన పక్కన ముప్పై ఏండ్లు వాయించిన చెయ్యి ఉండాదని నాకు తెలీదు.” అఖ్సా ఆ చేతిని తోడాతో సహా రెండు చేతుల్లోకి తీసుకుని, ముద్దుపెట్టుకుని, కళ్లకు అద్దుకుంది. మునిశేఖర్ పసిపిల్లాడిలా ఏడ్చాడు.

“కోయొద్దు,” అంది మహబూబున్నీసా. “సగం వానిదేనని మా ఆయన ఎప్పుడూ అంటా ఉన్నాడు. కడియాన్ని సగం చేసేది ఎట్లో తెలీక పెట్టెలో పెట్టినాడు.”

కిరణ్ ముక్కు చీదాడు. తన మేడమ్ లాంటి మేడమ్ భూప్రపంచంలో లేదని ఆ క్షణాన అతనికి మళ్లీ ఒకసారి రూఢి అయింది.

ఖలీల్ ఫోన్ తీసి మస్కట్‌కు కలిపాడు. “ముబారక్, నీ కూతుర్ని దొంగ అన్నానురా. తప్పు నాది. నన్ను క్షమించమని నువ్వే చెప్పు,” అని ఫోన్ అఖ్సా చేతికిచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అవతల ముబారక్ కంగారుగా అడుగుతున్నాడు. “ఏమైంది యమ్మీ? దాదా తోడా యాడుండాది?”

“శేఖర్ తాత చేతికి ఉండాది అబ్బా,” అంది అఖ్సా. “ఆడే ఉండనీ.”