అమ్మ ముందుపన్ను

"అమ్మా! దిండు మీద ఈ రక్తమేమిటమ్మా?"

పక్క దులుపుతున్న కూతురి చేతిలోంచి అమ్మ గబుక్కున దిండు లాక్కుంది. "ఏం లేదే... చిగురు కాస్త చీరుకుంది, అంతే!" కానీ కూతురు పళ్ళ డాక్టరాయె! ఆ మాట ఆమె దగ్గర చెల్లుతుందా? బతిమాలి నోరు తెరిపించింది. తన చేతులతో తను అమర్చిన ముందుపన్ను, వేలు తగలగానే కదిలింది!

ఆ పన్ను మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాన్న తాగొచ్చి చెయ్యి చేసుకున్న ఒక సాయంత్రం అసలు పన్ను రాలిపోయింది. నాన్న పోయాడు గానీ, ఆ ఖాళీ పోలేదు. అమ్మ ఏ ఫోటోలోనూ పెదవి విప్పలేదు. ఆ ఒక్క నవ్వు కోసమే కూతురు ఈ చదువు చదివింది!

పన్ను నిలబెట్టే ఇంప్లాంట్ మరను దవడ ఎముకలోకి దించేటప్పుడే ఆమెకు తెలుసు, అక్కడ ఎముక పలచబడిందని. ఎముక ఉన్న వైపుకే మర ఏటవాలుగా దిగింది. "ముందు ఎముక పెంచమ్మా, ఆ తర్వాత నిటారుగా దించు. కొన్నాళ్ళు ఆగితే కొంపలేం మునగవు," అన్నాడు ఆమె క్లినిక్‌లోని పెద్ద డాక్టరు. ఆమె ఆగలేకపోయింది. మరకూ పన్నుకూ నడుమ మెడలా ఉండే అబట్‌మెంట్‌లలో బాగా వంపుగా ఉన్నది ఎంచుకుంది. పైకి పన్ను తిన్నగా, ముచ్చటగా కనబడింది. అమ్మ అద్దం వదిలితే ఒట్టు! కానీ కొరికిన ప్రతిసారీ భారమంతా ఆ వంపు మీదుగా ఎముకకు ఒక పక్కనే పడింది. అసలే పలచని ఎముక... ఎంతకని ఓర్చుకుంటుంది?

క్లినిక్‌లో ఎక్స్‌రే చూశాక ఇక అనుమానం మిగల్లేదు. మరకు ఒక పక్కన ఎముక కరిగిపోయింది.

"తీసెయ్యాలమ్మా..."

"తియ్యకుండా కుదరదుటే? మెత్తటివే తింటాను. ఆ పక్క కొరకనే కొరకను!"

"నా పని చెడిందని నేను కుమిలిపోతాననే కదా ఇన్నాళ్ళూ నొప్పి దాచావు?"

అమ్మ తల దించుకుంది. "నీ కోసం కాదే పిచ్చిదానా... నా కోసమే! చెబితే తీసేస్తావని భయం. అద్దంలో మొహం చూసుకుంటే, ఇది నాదే అనిపించిందే ఇన్నేళ్ళకి... ఇంకొన్నాళ్ళు ఉంచుకుందామని..."

పెద్ద డాక్టరును పిలుస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "పెట్టిన చేత్తోనే తియ్యి తల్లీ."

తీసింది. గట్టిగా లాగాల్సిన పని కూడా లేకపోయింది. అందుకే మరీ ఏడుపొచ్చింది!

"ఎముక పెంచుదామమ్మా. ఎంతకాలమైనా ఆగుదాం. ఈసారి నిటారుగా..."

"అలాగేలే..." అంది అమ్మ దూది కరిచిపట్టి. ఆ మాటలో ఆశ లేదని ఇద్దరికీ తెలుసు. కూతురు అమ్మ ఒళ్ళో తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ ఆ జుట్టు నిమురుతూ, మాట సరిగా పెగలకపోయినా, "లే... పొద్దున్నుంచీ నువ్వేం తిన్లేదు. ఇంటికెళ్ళి వండి పెడతాను, పద," అంది.