బల్ల మీద బుద్ధిమంతురాలు

“మళ్ళీ ఏమైంది మేడమ్?”

“మళ్ళీ అదే అయింది.”

అమ్మాయి లాప్‌టాప్‌ని కౌంటర్ మీద పెట్టి, పరీక్ష తప్పిన పిల్లాణ్ణి హెడ్మాస్టరుకి అప్పగించిన తల్లిలా కాస్త వెనక్కి జరిగి నిలబడింది. ఆ సర్వీస్ సెంటర్‌లో ఆమెకి తెలియని కుర్చీ లేదు. ఏ కుర్చీ కాలు ఊగుతుందో, ఏ ఫ్యాను కింద కూర్చుంటే గాలి రాదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. కౌంటర్‌లో ఉండే కుర్రాడికి ‘అప్‌డేట్’ అని పేరు కూడా పెట్టుకుంది. వచ్చినప్పుడల్లా “అప్‌డేట్ చేశామండీ, ఇక ప్రాబ్లమ్ రాదు” అని పంపించేది అతనే మరి. లోపల పనిచేసేవాళ్ళు ఆమెకి పెట్టిన పేరు ‘మళ్ళీ మేడమ్’. ఆ సంగతి ఆమెకి తెలియదని వాళ్ళ నమ్మకం.

అప్‌డేట్ మూత తెరిచాడు. తెర చక్కగా వెలిగింది. అటూ ఇటూ నొక్కి చూశాడు. ఏం చెప్తే అది చేసింది.

“బాగానే ఉందండీ.”

“ఇక్కడ బాగానే ఉంటుంది. మిమ్మల్ని చూస్తే దానికి భయమో భక్తో! ఇంటికెళ్ళి నేను పని మొదలుపెడితే మాత్రం, సగం చెవి గీసేసరికి తెర నల్లబడిపోతుంది.”

“ఎవరి చెవి?”

“కుందేలు చెవి.”

ఆమె పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. ఇన్నాళ్ళూ అక్కడో బొమ్మ, ఇక్కడో బొమ్మ వేయించుకున్న పబ్లిషరు మొదటిసారి పుస్తకం మొత్తం ఆమె చేతిలో పెట్టాడు. నెలాఖరుకి అందకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూ చెప్పేవాళ్ళు అన్నంత పనీ చేస్తారు. లాప్‌టాప్ వారంటీ కూడా సరిగ్గా ఆ నెలాఖరుకే అయిపోతోంది.

“బ్యాటరీ మార్చారు. చార్జర్ మార్చారు. లోపలేదో బోర్డు కూడా మార్చారు. ఇక మార్చడానికి మిగిలింది నేనే.”

“మీకు స్పేర్ దొరకదండీ.”

అనేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి నవ్వొచ్చింది గానీ, కోపంగా వచ్చిన మనిషి నవ్వితే కేసు బలహీనపడుతుందని పెదవి బిగపట్టింది.

ఇంతలో మేనేజరు వచ్చాడు. టై కట్టుకున్నప్పటి నుంచీ మెడ తిప్పడం మానేసి, మనిషంతా తిరిగి చూసే రకం.

“సార్, నేను చదువుకునే వచ్చాను,” అంది అమ్మాయి. “రిపేరు చేసినా అదే లోపం మళ్ళీ మళ్ళీ వస్తుంటే, కొత్తది ఇమ్మనో, డబ్బు వెనక్కి ఇమ్మనో అడిగే హక్కు కొన్నవాళ్ళకి ఉంది.”

“ఉందమ్మా, ఎవరు కాదన్నారు? కానీ లోపం కనబడాలి కదా! మా ఇంజనీరు కళ్ళారా చూడాలి. ఇక్కడేమో అది ముత్యంలా పనిచేస్తోంది.”

“నేను వాళ్ళింటికెళ్ళి చూస్తాను సార్,” అన్నాడు అప్‌డేట్.

మేనేజరు మనిషంతా తిరిగి అతనివైపు చూశాడు. ఇళ్ళకి వెళ్ళే డ్యూటీ అంటే చాలు, నడుంనొప్పి తెచ్చుకునే కుర్రాడు!

*

ఇంటికి పరాయి మనిషి వస్తున్నాడంటే అమ్మకి ఇల్లు ఉన్నట్టుండి పరాయిదైపోతుంది. పొద్దున్నుంచీ సర్దుతూనే ఉంది. కిటికీ కింద అమ్మాయి పరుచుకున్న బొంతా, దిళ్ళూ, లాప్‌టాప్ పెట్టుకునే పొట్టి పీటా అన్నీ మంచం కిందకి తోసేసింది. భోజనాల బల్ల మీద ఇస్త్రీ గుడ్డ పరిచి, లాప్‌టాప్‌ని దాని నడిమధ్య పెట్టి, ముందు ఒక మంచి కుర్చీ వేసింది.

“జడ మళ్ళీ అల్లుతున్నావేంటి?” అంది వదిన, గుమ్మానికి ఆనుకుని.

“ఊడిపోయింది వదినా.”

“ఇప్పుడే ఊడిపోవడం మొదలైతే కష్టం. నీకు వారంటీ ఇచ్చినవాళ్ళెవరూ లేరు.”

“వస్తున్నది లాప్‌టాప్ కోసం.”

“నేను కాదన్నానా? లాప్‌టాప్‌కి కూడా ఒక పువ్వు పెట్టమంటావా?”

అప్‌డేట్ వచ్చేసరికి వాన మొదలైంది. తడిసిన జుట్టుతో, పొడిగా ఉన్న బ్యాగుతో గుమ్మంలో నిలబడ్డాడు. తను తడిసినా పనిముట్లు తడవనివ్వలేదని వదిన గమనించి, మనసులో ఒక మార్కు వేసింది.

అమ్మాయి బల్ల ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని బొమ్మ వేయడం మొదలుపెట్టింది. అతను పక్కన కూర్చుని తెర వైపు చూడటం మొదలుపెట్టాడు. తెర వైపు కాని చూపులు కూడా మధ్యలో కొన్ని దొర్లాయి. వదిన వాటినీ గమనించింది.

కుందేలు చెవి పూర్తయింది. రెండో చెవి కూడా వచ్చింది. తెర కన్నార్పలేదు.

“ఆగవే తల్లీ, ఒక్కసారి ఆగు,” అని అమ్మ లాప్‌టాప్‌ని బతిమాలింది. “రోజూ ఆగేదానివి, ఇవాళ మా పరువు తియ్యకు.”

“అత్తయ్యా, అది ఆగితే పరువు పోతుందా, ఆగకపోతే పోతుందా?”

“నువ్వుండవే. కాఫీ పెట్టు.”

కాఫీ అయింది. కాఫీ మీద కాఫీ అయింది. కుందేలుకి తోక కూడా మొలిచింది. నలుగురూ కలిసి ఒక వస్తువు పాడవ్వాలని అంత గట్టిగా కోరుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. చివరికి అప్‌డేట్ చేతి గడియారం చూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

“లోపం కనబడలేదని రాయాలండీ.”

“ఒక్క ముక్క! కనబడిందని రాస్తే మీకు పోయేదేముంది?” అంది అమ్మాయి.

“నేను చూడనిది చూశానని రాయలేను.”

“అంటే నేను అబద్ధం చెప్తున్నానా?”

“కాదు. నేను రాశాననుకోండి. పైవాళ్ళు ఇంకొకర్ని పంపి పరీక్ష చేయిస్తారు. అప్పుడూ ఇది ఇలాగే బుద్ధిగా కూర్చుంటే, అబద్ధం మీ మీదకొస్తుంది. ఆ తర్వాత మీరు నిజం చెప్పినా ఎవరూ వినరు.”

“ఎంతైనా కంపెనీ మనిషి కదా మీరు.”

అతను స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే బ్యాగులో సర్దుకుని బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడంటే గుమ్మం దాకానే. వాన జోరుగా ఉంది. మెట్టు మీద కూర్చుని, తడిసిన బూటులో కాలు దూర్చడానికి అవస్థ పడుతున్నాడు.

అమ్మాయి లాప్‌టాప్ తీసుకుని గదిలోకి వెళ్ళి ధడాలున తలుపు వేసింది. ఏడుపొచ్చింది. వారంటీ పోతుంది, పుస్తకమూ పోతుంది. అంతకంటే ఎక్కువగా, అతను తన వైపు ఉంటాడని ఏ హక్కుతో అనుకుందో తెలియడం లేదు. ఆ హక్కు గురించి ఎక్కడా చదవలేదు. ఏడుస్తూ కూర్చుంటే నక్క బొమ్మ ఎవరు వేస్తారని మంచం కిందనుంచి బొంతా దిళ్ళూ లాగి, గోడకి ఆనుకుని, పీట మీద లాప్‌టాప్ పెట్టి, మూత వెనక్కి వాల్చింది.

తెర నల్లబడింది.

“వదినా! పోయింది! పోయింది!”

వదిన గుమ్మంలోకి పరుగెత్తింది. “అబ్బాయ్, లే లే! మా అమ్మాయి అదృష్టం పండింది!”

అప్‌డేట్ ఒక కాలికి బూటుతోనే పరుగున వచ్చి గది గుమ్మంలో ఆగిపోయాడు.

“కదలకండి!”

“ఏంటి, తేలా?” అంది అమ్మాయి బిగుసుకుపోయి.

“మీరు ఎలా కూర్చున్నారో అలాగే ఉండండి. ఊపిరి కూడా మెల్లగా.”

“ఊపిరికీ దీనికీ ఏం సంబంధం?”

“ఏం లేదు. కంగారులో వచ్చేసింది.”

అతను నేల మీద బోర్లా పడుకుని, ఫోన్‌లో వీడియో పెట్టి, ఒక వేలితో మూతని ముందుకి లాగాడు. తెర వెలిగింది. వెనక్కి తోశాడు. నల్లబడింది. మళ్ళీ లాగాడు. తప్పిపోయిన పిల్లాడు దొరికినవాడిలా వెలిగిపోతూ తలెత్తాడు.

“మీరు రోజూ ఇలాగే కింద కూర్చుని వేస్తారా?”

“అవును.”

“మూత ఇంత వెనక్కి వాల్చి?”

“పీట పొట్టిది కదా, వాల్చకపోతే కనబడదు.”

“మరి ఇందాకటి నుంచీ కుర్చీలో ఎందుకు కూర్చున్నారు?”

అందరూ అమ్మ వైపు చూశారు.

“ఏం చూస్తారు? ఇంటికొచ్చిన మనిషి ముందు చదువుకున్న పిల్ల బొంత మీద చతికిలబడితే ఏం బావుంటుంది?” అంది అమ్మ.

వదినకి నవ్వాగలేదు. అప్‌డేట్‌కి కూడా. మూత మడత దగ్గర తెరకి వెళ్ళే వైరు ఒకటుందని, మూత బాగా వాలినప్పుడు అది నలిగి తెర ఆరిపోతోందని చెప్పాడు. షాపులో అందరూ నిలబడి, మూత కాస్తే తెరిచి చూస్తారు. అందుకే అక్కడ అది ముత్యం.

అమ్మాయి ముఖం వాడిపోయింది. “అంటే తప్పు నేను కూర్చునే తీరుదేనా?”

“కానే కాదు. మూత అంత వెనక్కి వాలేలా చేసింది వాళ్ళే. వాలాక పనిచేయించాల్సిన పూచీ కూడా వాళ్ళదే.” గొంతు తగ్గించాడు. “రేపు మా మేనేజరుగారు వైరు మారుస్తామంటారు. ఒప్పుకోకండి. ఇన్నిసార్లు తిప్పారు, కొత్తదే అడగండి.”

“అబ్బాయ్, నువ్వు చేసేది ఎవరి ఉద్యోగం?” అంది వదిన.

“ఈ మాట రేపు ఆయన కూడా అడుగుతారండి.”

“కొత్తది వచ్చేస్తే ఇక మీకు నా గొడవ ఉండదు,” అంది అమ్మాయి, అతని వైపు చూడకుండా.

“ఉండదు,” అన్నాడు అతను, బూటు లేని కాలి వైపు చూసుకుంటూ.

*

మేనేజరు వైరు మారుస్తామనే అన్నాడు.

“వద్దు సార్, కొత్తదే కావాలి,” అంది అమ్మాయి.

“అరగంట పనమ్మా.”

“సార్,” అన్నాడు అప్‌డేట్, “మూత పూర్తిగా వాలుతుందని ఆ గోడ మీద మనమే పోస్టరు అంటించాం. వాలితే తెర ఆరిపోతోంది. నేను చూశాను, వీడియో ఉంది.”

“నీకు జీతమిచ్చేది ఎవరయ్యా?”

“మీరే సార్. చూసింది చూసినట్టు చెప్పమని.”

మేనేజరు పోస్టరు వైపు మనిషంతా తిరిగాడు. పోస్టరులో ఒక నవ్వుమొహం అమ్మాయి మూత పూర్తిగా వాల్చుకుని కూర్చుని ఉంది. ఆయనకి చేసేదేమీ లేకపోయింది.

కొత్త లాప్‌టాప్ వచ్చింది. అప్‌డేట్ దాని మూత అతి జాగ్రత్తగా తెరిచి, మూసి, వాల్చి, చాలాసేపు పరీక్షించాడు. ఎంత సాగదీసినా ఏ లోపమూ దొరకలేదు. ఆమె థాంక్స్ చెప్పింది. అతను పర్లేదండీ అన్నాడు. ఇద్దరికీ ఇంకేదో చెప్పాలని ఉంది గానీ వెనకాల వరుస పెద్దది.

పుస్తకం నెలాఖరులోపే పూర్తయింది. కొత్తది ఒక్కసారైనా మొరాయిస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. మొండిది, మొరాయించలేదు.

“పాడైతేనే వెళ్ళాలని రూలేమైనా ఉందా?” అంది వదిన కూర తరుగుతూ.

“ఏమని వెళ్ళను?”

“నడిచి వెళ్ళు.”

“అమ్మ ఏమంటుందో!”

“మీ అమ్మ నిన్ననే నన్నడిగింది, ఆ బూటబ్బాయి మళ్ళీ రాడేంటి అని. ఈసారి కుర్చీ వెయ్యదట.”

ఆమె వెళ్ళింది. టోకెన్ తీసుకుని కూర్చుని, పిలుపొచ్చాక కౌంటర్ ముందు నిలబడింది. అప్‌డేట్ తలెత్తి, చేతిలో పెన్ను పడేసుకున్నాడు.

“లాప్‌టాప్ ఏదండీ?”

“తేలేదు.”

“ప్రాబ్లమ్ ఏంటి?”

“దానికేం లేదు. మీతో మాట్లాడాలంటే టోకెన్ తీసుకోమన్నారు, తీసుకున్నాను.”

వెనకాల ప్రింటరు మోసుకొచ్చిన పెద్దాయన నిట్టూర్చాడు. “చెప్పేదేదో చెప్పెయ్యమ్మా. చేతులు లాగేస్తున్నాయి.”

అప్‌డేట్ లేచి, మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఏమీ అడగకుండా వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, ప్రింటరు అందుకున్నాడు. దాని మూత ఎటు తెరుచుకుంటుందో ఆయనకి తెలియలేదు.

ఇద్దరూ బయటికొచ్చి అద్దం తలుపు పక్కన నిలబడ్డారు.

“చూడనిది చూశానని రాయరు కదా మీరు,” అంది ఆమె. “అయితే చూసింది చెప్పండి. నేను రానన్నాళ్ళూ ఈ తలుపు వైపు చూశారా?”

“చూశాను.”

“చాలాసార్లా?”

“లెక్క నాకు తెలియదు. మేనేజరుగారిని అడగండి, రోజూ తిట్టింది ఆయనే.” “మరి మీరు?” అన్నాడు.

“నేను రాలేను కదా, అందుకని బొమ్మ వేశాను. పుస్తకంలో పాత గడియారాలు బాగుచేసే ఎలుగుబంటి ఉంటుంది. దాని ముక్కు అచ్చం మీ ముక్కే.”

“ఎలుగుబంటా?”

“నక్క, కుందేలు అప్పటికే అయిపోయాయి. పబ్లిషరుకి అందరికంటే ఎలుగుబంటే నచ్చిందట. నాకు కూడా.”

అతను తలుపు అద్దంలో తన ముక్కు చూసుకున్నాడు. అద్దంలోంచి ఆమె అతన్నే చూస్తోంది. ఈసారి నవ్వు ఆపుకోలేదు.