బాడుగ కాదు, కూలి

ఆ రోజు పొద్దున పచ్చయమ్మ సంగటి కెలికి, ముద్దలు చేసి మూత పెట్టి, పెట్టెలోంచి పండగ చీర తీసింది. మామూలుగా అయితే ఆ వేళకు తలకు తుండు చుట్టుకుని కొడుకు ట్రాక్టరు వెనక ట్రైలరులో కూర్చుని ఉండాలి. తమిళనాడు ధర్మపురి పక్కన నల్లంపల్లిలో పాత సర్కారు బడి పడగొట్టి కొత్తది కడుతున్నారు. రాళ్ళు, సిమెంటు పెళ్ళలు, విరిగిన పెంకులు గంపలకెత్తి ట్రైలరులో పోసి, పాత క్వారీ గుంటలో దించి రావడం ఆమెకూ మరో ముగ్గురు ఆడవాళ్ళకూ పని. కంట్రాక్టరు దగ్గర ఆ పని ఒప్పుకున్నవాడు బాల, ఆమె ఒక్కగానొక్క కొడుకు.

బాల వాకిట్లో ట్రాక్టరు అద్దం తుడుస్తూ తల్లిని చూసి నవ్వాడు. "ఏమ్మా, పండగ చీర కట్టుకోని బాడుగకు వస్తావా?"

"బాడుగకు రాను. ధర్మపురికి పోతా ఉండాను. లేబర్ ఆఫీసుకు."

నవ్వుతున్నవాడి ముఖం మాడిపోయింది.

అసలు కొంప ముంచింది ఆ బాడుగ అన్న మాటే. తాతలు ఎడ్లబండి తోలిన కాలం నుంచీ ఆ ఇంట్లో బరువు మోసే పనికంతా అదే పేరు. బండి తోలినా బాడుగే, బండికి ఎత్తిపోసినా బాడుగే. పోయిన వారం లేబర్ ఆఫీసు మేడం సైటుకు వచ్చి, "మీరు ఏ పనికి వస్తారు?" అని తమిళంలో అడిగితే, నలుగురూ ఆ బాడుగనే తమిళం చేసి ఒక్క గొంతుతో "వాడగైకి" అన్నారు. తమిళంలో ఆ మాటకు అద్దె అని అర్థం. బాడుగ బండితో పాటు వచ్చినవాళ్ళు అని మేడం రాసుకుని పోయింది. సిమెంటు కలిపే ఆడవాళ్ళకు సర్కారు పనికి నిర్ణయించిన కూలి వచ్చింది. వీళ్ళకు అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. నాలుగు నెలలుగా నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళు పనివాళ్ళే కాకుండా పోయారు!

సైటు గేటు దగ్గరి బోర్డును ఫోనులో ఫొటో తీసి చదివి చెప్పింది కోడలు కనిమొళి. కట్టడపు చెత్త ఎత్తి బయటికి తోలేవాళ్ళకు కూడా అదే కూలి అని అందులో ఉంది. అది విన్నప్పటి నుంచి పచ్చయమ్మకు కంటి మీద కునుకు లేదు.

"ఎవరు ఎక్కించినారు నీకు ఇదంతా?" బాల గుడ్డ విసిరికొట్టాడు. "గేటు దాటినాక అది కట్టడం పని కాదని కంట్రాక్టరు చెప్పినాడు కదా!"

"చదివి చెప్పింది నేనే. నన్ను తిట్టు, అత్తను ఏమీ అనొద్దు," అంది గడపలోంచి కనిమొళి.

"ఓహో, ఇద్దరూ ఒకటైనారా? పని పోతే ట్రాక్టరు డ్యూ ఎవరు కడతారు? ఫైనాన్సోడు వచ్చి బండి ఎత్తుకోని పోతే అప్పుడు ఇద్దరూ హారతి పట్టండి!"

అరుగు మీద కూర్చున్న ఆమె మొగుడు తిమ్మరాయన్ గొంతు సవరించుకున్నాడు. "పచ్చా, ఇంటి గుట్టు ఆఫీసు దాకా ఎందుకే? వాడు మన పిల్లోడు."

"మన పిల్లోడు గనకనే ఇన్ని దినాలు నోరు మూసుకోని ఉండాను," అంది పచ్చయమ్మ.

బాల దగ్గరికి వచ్చాడు. గొంతులో కోపం కన్నా ఉక్రోషమే ఎక్కువ ఉంది. "కన్నకొడుకు మీద కంప్లైంటా అమ్మా? నీకు నేను కూడు పెట్టలేదా?"

"నిన్ను కన్నందుకు నేను కూలి అడగలేదు రా. రాళ్ళు ఎత్తినందుకు అడుగుతా ఉండాను. బాడుగ నీ ట్రాక్టరుకు. నా నడుముకు కూలి."

ఆమె అంతటితో ఆగలేదు.

"మాతో గంప ఎత్తే చంద్రప్ప పెండ్లాము కూలి చాలదని అడిగిన దినము నువ్వు ఏమన్నావు? 'మా అమ్మే ఈ కూలికి వస్తా ఉండాది, నీకేం కష్టం' అన్నావు. ఆ పొద్దు ఆమె నా మొగము చూసి తల వంచుకోని గంప ఎత్తింది. నన్ను అడ్డం పెట్టుకోని ముగ్గురి నోళ్ళు కట్టేసినావు. అది నా కడుపులో ముల్లు మాదిరి ఉండాది."

బాల ట్రాక్టరెక్కి, రోడ్డు అదిరిపోయేలా తోలుకుపోయాడు. పచ్చయమ్మ ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ధర్మపురి బస్సెక్కింది. దారి పొడవునా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. అయినా దిగిపోదామని ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆఫీసులో సత్యప్రియ మేడం అంతా ఓపికగా విన్నది. "పొరపాటు నాది కూడా. ఇంకో రెండు ప్రశ్నలు అడగాల్సింది," అని కాగితం తీసింది. "కంట్రాక్టరు చేత తక్కువైన కూలి కట్టిస్తాను. మిమ్మల్ని పనికి పిలిచింది ఎవరు? వాళ్ళ పేరు రాయాలి."

పచ్చయమ్మ ఆ కాగితం వైపు చూసింది. నవమాసాలు మోసి కన్న కొడుకుకు తానే పెట్టుకున్న పేరు. అది ఈ కాగితం మీద పడాలా? పక్కన చంద్రప్ప భార్య మెల్లగా ఆమె చేయి పట్టుకుని, "వద్దులే అక్కా, పోదాం రా," అంది. ఆ మాటతోనే పచ్చయమ్మ నిటారుగా కూర్చుంది.

"రాయండి మేడం. బాల. నా కొడుకు."

"రాయండి," అన్న గొంతు వెనక నుంచి వినిపించింది.

గుమ్మంలో బాల నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. తల్లి పక్కకు వచ్చి, ఆమెకు మాత్రమే వినపడేలా ఇంటి తెలుగులో చెప్పాడు. "నువ్వు ఆఫీసుకు పోయినావని కంట్రాక్టరుకు చెప్పినానమ్మా. 'ముసలిదానికి ఇచ్చేదే దండగ, ఇంకొకతిని తెచ్చుకో' అన్నాడు. నిన్ను, అమ్మా, నిన్ను ఆ మాట అన్నాడు. ఇన్నాళ్ళూ నేను చేసింది కూడా అదే కదా అని తోచింది. ట్రాక్టరు అక్కడే నిలిపేసి వచ్చినాను."

"పని పోతుందేమో రా."

"పోతే పోనీ. బండి ఉండాది, చేతులు ఉండాయి. సేద్యానికి తోలుకుంటాను."

మేడం కలం పట్టుకుని అతని వైపు చూసింది. "నీ దగ్గర ఎంతమంది పనివాళ్ళు?"

"నలుగురు మేడం. చెత్త ఎత్తి లోడు చేసే పని. దినకూలి."

"మీ అమ్మను ఇంటి మనిషిగా వదిలేయనా, ఆమెను కూడా రాయనా?"

"ముందు ఆమె పేరే రాయండి," అన్నాడు బాల.

పచ్చయమ్మ అప్పుడు ఏడ్చింది. అంతమంది ముందు, సిగ్గుపడకుండా, కొడుకు మోచెయ్యి గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.