గిటార్‌లో నాన్న గొంతు

"తివాచీ ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"దానికింద దుమ్ము పేరుకుపోయింది అత్తయ్యా! రెండు నిమిషాల్లో ఊడ్చేస్తాను."

"దుమ్మేగా, ఉండనీ!"

డిటెక్టివ్, ఆమె బాబాయి గుమ్మంలో అడుగుపెట్టేసరికి అత్తాకోడళ్ళు తివాచీని చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. బాబాయి రిటైరైన టైపిస్టు. అన్నగారి అమ్మాయి తెలివి మీద ఎంత గురో, దయ్యాలంటే అంత భయం.

కోడలు వాళ్ళని పక్కగదిలోకి తీసుకెళ్ళింది. "మా అత్తయ్యకి వినపడదు, ఏమీ అనుకోకండి. ఈ సంగతి మాత్రం ఇవాళే తేల్చాలి. ఈయన తన ఎలక్ట్రిక్ గిటార్ అమ్మేస్తున్నారు. కొనేవాళ్ళు సాయంత్రం వస్తారు."

ఆమె భర్త ల్యాప్‌టాప్‌లో తన గిటార్ రికార్డింగు వినిపించాడు. ముందు తేనెటీగల రొద. దాని అడుగునుంచి ఒక మగగొంతు: "ఆపరా!"

నోట్సు రాసుకుంటున్న బాబాయి చేతిలోంచి పెన్ను జారిపోయింది.

"మా నాన్న. పోయి రెండేళ్ళయింది," అన్నాడతను. "పది రోజులుగా పొద్దున పదకొండు దాటితే చాలు, ఇదే మాట. ఆయన వద్దన్న పని నేను చెయ్యలేనండీ."

గడియారంలో పదకొండూ పది. గిటార్ తీగల్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా మైకు ఎదురుగా ఉన్న యాంప్లిఫయర్ గొణిగింది: "ఆపరా!"

బాబాయి గుమ్మం వైపు రెండడుగులు వెనక్కి వేశాడు. డిటెక్టివ్ మాత్రం గిటార్ మీది వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పింది. గొంతు ఆగింది. మళ్ళీ పెంచి, గిటార్‌ని పసిబిడ్డలా ఎత్తుకుని గదంతా తిరిగింది. కిటికీ దగ్గర గొంతు సన్నగిల్లింది. అత్తగారి గది గోడ దగ్గర పెరిగింది.

ఇద్దరూ తివాచీ ఉన్న ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్ళారు. లోపల పెద్దావిడ వీపు వీళ్ళవైపు పెట్టి కూర్చుని ఉంది.

"దాహంగా ఉంది బాబాయ్," అని డిటెక్టివ్ గుసగుసలాడింది.

"అమ్మాయ్, వీళ్ళకి మంచినీళ్ళివ్వు," అంది పెద్దావిడ, వెనక్కి తిరగకుండానే.

డిటెక్టివ్ అందర్నీ అక్కడికే పిలిచి తివాచీ ఎత్తింది. గది చుట్టూ సన్నటి తీగ.

"ఇది చెవి మిషన్ వాళ్ళు వేసే తీగ. టేప్‌రికార్డర్ శబ్దం ఇందులో పారుతుంది. మిషన్ పెట్టుకున్న చెవికి తప్ప ఎవరికీ వినపడదు. మిషన్లో ఉన్నట్టే గిటార్‌లోనూ తీగ చుట్ట ఉంటుంది. అందుకే గోడ అవతల దానికీ వినపడింది. దయ్యం గియ్యం ఏమీ లేదు బాబాయ్."

పెద్దావిడ జుట్టు పక్కకి తీసింది. చెవిలో మిషన్! "పెట్టుకోమని మీరు పోరినప్పుడు ససేమిరా అన్నాను. పది రోజుల కిందట మీరు ఇంట్లో లేనప్పుడు వాళ్ళని పిలిపించి అన్నీ పెట్టించుకున్నాను. చెబితే నవ్వరూ? రోజూ కాసేపు ఆయన గొంతు వినాలనిపిస్తుంది."

అల్మారాలో తిరుగుతున్న టేప్‌రికార్డర్ నుంచి డిటెక్టివ్ ఆ తీగ పీకేసి, టేపు కొంచెం వెనక్కి తిప్పి పెట్టింది. గదిలో చిన్నపిల్లాడి తడబాటు గిటార్ వాయింపు, తర్వాత ఆ గొంతు: "ఆపరా! వేళ్ళు కందిపోయాయి. అన్నం తిని మళ్ళీ వాయిద్దువుగాని. నేనిక్కడే కూర్చుని వింటా."

"మొదటి మాటే గట్టిగా అన్నారు," అంది డిటెక్టివ్. "మిగతాదంతా మీ ల్యాప్‌టాప్ చార్జరు రొదలో మునిగిపోయింది. చార్జరు తీసేసి రికార్డు చెయ్యండి."

కొడుకు ముఖం తిప్పుకున్నాడు.

ఇద్దర్నీ భోజనానికి ఉండమన్నారు. వడ్డిస్తూ కోడలు నాలిక్కరుచుకుంది. "అయితే అత్తయ్యా, ఇన్నాళ్ళూ నేను గొణిగినవన్నీ..."

"కొన్ని వదిలేశాలే."

బాబాయికి పొలమారింది. కొడుకు మాత్రం నవ్వలేదు. ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"గిటార్ అమ్మడం లేదు. రేపు మళ్ళీ రికార్డు చేస్తాను. రొద తీసేస్తాను, నాన్న గొంతు పాటలో ఉంచేస్తాను. అమ్మా, పదకొండింటికి టేపు పెట్టు."