ఒంటి తుమ్ము

“తాకకూడదు హైమవతీ. కానీ కదలనివ్వకూడదు.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ శేషాద్రి గొంతు పొడిగా పలికింది. చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో ఇమిగ్రేషన్ క్యూ పక్కన, నెరిసిన విగ్గుతో, చేతిలో ముక్కుపొడుం డబ్బీతో ముసలమ్మలా నిలబడి ఉంది ఏజెంట్ హైమవతి.

“ఇప్పుడే పట్టేస్తే?”

“కౌంటర్ల అవతలే వాళ్ళ బాసు ఉన్నాడు. ఈడ గలాటా అయితే ఆడ మాయమైపోతాడు. మన టీమ్ దారిలో ఉంది. అందాకా ఆపు.”

క్యూలో కొత్త జంట. అతను శ్రీకుమార్, సౌకార్‌పేట పాత తెలుగు కుటుంబం, హార్బర్ రాడార్ ఇంజనీరు. ఆ రాడార్ డిజైన్లను ఒక చిప్‌లో విదేశీ ముఠాకు అమ్మేశాడు. పక్కన పట్టుచీరలో మెరిసిపోతున్న డబుల్ ఏజెంట్ సంయుక్త, మొన్నటిదాకా హైమవతి శిష్యురాలు.

దేశం దాటే పాఠాలన్నీ హైమవతే నేర్పింది. క్యూలో గొంతు పెంచకు. ఎవరికీ గుర్తుండిపోకు. సాగనంపడానికి ఎవరినీ రానివ్వకు. దిగాక ఎవరికీ ఫోన్ చేయకు. ఆ పాఠాలు తనే ఎంత నిష్ఠగా పాటించిందంటే, ఇప్పుడు ఫోన్ చేద్దామన్నా ఆమెకు ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో తనతో కూర్చుని కాఫీ తాగింది ఈ సంయుక్త ఒక్కతే.

కౌంటర్ ఖాళీ అయింది. శ్రీకుమార్ అడుగు ఎత్తాడు. హైమవతి చటుక్కున చిటికెడు పొడుం పీల్చింది.

“హాచ్!”

ఎత్తిన కాలు అక్కడే ఆగింది. “అయ్యో, ఒంటి తుమ్ము! కాసేపు కూర్చొని, నీళ్ళు తాగి పోదాం.”

“సిల్లీగా మాట్లాడకు శ్రీ. పద!”

“దాటితే పని చెడిపోతాదని మా అవ్వ చెప్పేది. నేను రాను.”

దేశాన్ని అమ్మడానికి జంకని మనిషి తుమ్మును దాటడానికి జంకి, కుర్చీలో చతికిలబడ్డాడు. సంయుక్త పళ్ళు కొరికింది కానీ గొంతు పెంచలేదు. పాఠం బాగానే ఒంటబట్టింది.

“పెద్దమ్మా, ఇంకోటి రాదా? జంట తుమ్మయితే దోషం లేదు,” అన్నాడు శ్రీకుమార్ ఆశగా.

రాకేం, తన్నుకొస్తోంది! హైమవతి కొంగుతో ముక్కు బిగించింది. సంయుక్త నవ్వుతూ వచ్చి, ఆమె డబ్బీ మూత తానే తీసింది.

“ఇంకొంచెం పీల్చండి బామ్మగారూ, ప్లీజ్.”

అంత దగ్గర నుంచి చూసి కూడా గుర్తుపట్టలేదు. మారువేషం గెలిచింది. హైమవతికి మాత్రం ఏడుపొచ్చింది.

పొడుం ఘాటు మళ్ళీ ముక్కుకెక్కింది. నోరు తెరుచుకుంది. శ్రీకుమార్ సంతోషంగా లేచాడు. హైమవతి ఊపిరి బిగబట్టి, నాలుక కొరుక్కుంది.

సరిగ్గా అప్పుడు రెండు చేతులు వెనకనుంచి శ్రీకుమార్ భుజాల మీద పడ్డాయి. సంయుక్తను ఇద్దరు లేడీ ఆఫీసర్లు పట్టుకున్నారు. ఆమె జడలోని మల్లెపూల మధ్య నుంచి చిప్ బయటపడింది.

“అవతల బాసు కూడా దొరికాడు. గుడ్ జాబ్,” అన్నాడు శేషాద్రి. లైన్ కట్ అయింది.

సంయుక్తను తీసుకెళ్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. అదీ హైమవతి నేర్పిన పాఠమే.

అప్పుడు తుమ్మింది హైమవతి, ఆపుకున్నదంతా కలిపి, కళ్ళనీళ్ళు కారేలా. పక్కన ఎవరూ లేరు కాబట్టి, “చిరంజీవ” అని కూడా తనే అనుకుంది.